ఊరూరి ట్రాములు... ఒకే ఊళ్లో!

సెకండ్‌హ్యాండ్ బండి కొనాలంటే మామూలు మనిషే వెనకాముందూ ఆడతాడు. అలాంటిది ఒక మహానగరం, అదీ అమెరికాలో, వేరే ఊళ్లు వద్దనుకున్న ట్రాములను ఏరికోరి కొనుక్కొచ్చింది. వాటికి రకరకాల ఊళ్ల పాత రంగులు వేసి నడిరోడ్డు మీద నడుపుతోంది. శాన్‌ఫ్రాన్సిస్కో కథ ఇది.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్కెట్ స్ట్రీట్ పక్కన ఓ అరగంట నిలబడితే ఆ సామెత మీద నమ్మకం సడలిపోతుంది. ముందు ఆకుపచ్చ, మీగడ రంగులు కలిసిన ట్రామ్ ఒకటి గునగునా వస్తుంది. కాసేపటికి నిండు నారింజ రంగులో ఇంకోటి. ఆ తర్వాత పసుపుపచ్చది. రంగు వేరు, రూపం వేరు, తిరిగొచ్చిన ఊళ్లు వేరు. నుదుటి మీద అక్షరం మాత్రం ఒకటే... 'ఎఫ్'. వీటి పక్కనే డ్రైవరు లేకుండా తనంతట తాను పోయే కారు సిగ్నల్ దగ్గర ఆగి ఉంటుంది. ఎన్నో ఏళ్ల కిందటి బండీ, నిన్నగాక మొన్న వచ్చిన బండీ పచ్చలైటు కోసం పక్కపక్కనే ఎదురుచూసే ఊరు ప్రపంచంలో ఇంకెక్కడుందో వెతకాల్సిందే!

పిల్లల్ని చూడ్డానికి ఫ్రీమాంట్‌కో శాన్‌హోజేకో వెళ్లిన మనవాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో చూడకుండా తిరిగిరారు. గోల్డెన్‌గేట్ వంతెన, కొండెక్కే కేబుల్‌కారు, సముద్రపు ఒడ్డున సీ లయన్లు... ఫొటోల్లో ఉండేవి ఇవే. మార్కెట్ స్ట్రీట్ ట్రాములు మాత్రం చాలామంది కళ్లముందు నుంచే వెళ్లిపోతాయి. టూరిస్టుల కోసం పెట్టిన బొమ్మ బండ్లేమో అనుకుని వదిలేస్తారు. కానీ అవి బొమ్మలు కావు. 'మ్యూని' అని జనం ముద్దుగా పిలిచే శాన్‌ఫ్రాన్సిస్కో మున్సిపల్ రైల్వే రోజువారీ సర్వీసులు. ఆఫీసుకెళ్లే గుమాస్తా, సంచి పట్టుకుని కూరలకెళ్లే ముసలమ్మ, కెమెరా మెడలో వేసుకున్న జపాన్ టూరిస్టు... అందరూ వాటిలోనే ఎక్కుతారు. కేబుల్‌కారుకైతే ప్రత్యేక ఛార్జీ. వీటికి మామూలు సిటీబస్సు టిక్కెట్టే!

ఇంతకీ ఈ బండ్లలో అత్యధికం ఈ ఊరికోసం తయారైనవి కావు. కొన్ని ఫిలడెల్ఫియావి, కొన్ని నెవార్క్‌వి, మరికొన్ని ఏకంగా ఇటలీలోని మిలాన్‌వి. ఆయా ఊళ్లు వాడి పక్కన పెట్టినవి. శాన్‌ఫ్రాన్సిస్కో వాటిని కొని తెచ్చుకుంది. ఎందుకు?

పీసీసీ అంటే...

పీసీసీ అనగానే మనకు ప్రదేశ్ కాంగ్రెస్ కమిటీ గుర్తొస్తుంది. అమెరికాలో ట్రాముల గురించి తెలిసినవాళ్లకు గుర్తొచ్చేది వేరు. 1920ల చివరికొచ్చేసరికి అక్కడ ట్రామ్ కంపెనీల పరిస్థితి ఏమీ బాగాలేదు. మోటారుకార్లు పెరిగిపోయి ప్రయాణికులు తగ్గిపోతున్నారు. దాంతో కంపెనీల ప్రెసిడెంట్లంతా కలిసి ఒక కమిటీ వేసుకున్నారు. కుదుపుల్లేకుండా, చప్పుడు లేకుండా, కారులా చటుక్కున వేగం అందుకునే ట్రామ్ తయారుచేయాలన్నది లక్ష్యం. ప్రెసిడెంట్స్ కాన్ఫరెన్స్ కమిటీ... క్లుప్తంగా పీసీసీ. ఆ కమిటీ పేరే బండికీ స్థిరపడిపోయింది. 1936లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మొదటిసారి జనాన్ని ఎక్కించుకుంది. చక్రాల్లో రబ్బరు అమర్చడం వల్ల పట్టాల మీద మోత తగ్గింది. డ్రైవరు చేతులతో మీటలు తిప్పే పని పోయి, కారులోలాగా కాళ్లతో పెడల్స్ నొక్కితే సరిపోయేది. 1952 దాకా ఉత్తర అమెరికాలో సుమారు 5 వేల పీసీసీలు తయారయ్యాయి. వాటిలో చిట్టచివరిది, 1040 నంబరుది, కొన్నది శాన్‌ఫ్రాన్సిస్కోనే. అది కొత్తగా కొన్న బండి. ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది.

బండి బాగుంది. కానీ కాలం బాగాలేదు. రెండో ప్రపంచయుద్ధం ముగియగానే అమెరికా నగరాలు ఒకదాని వెనక ఒకటి ట్రామ్ పట్టాలు పీకేసి బస్సులు దించాయి. దీనికి కారణాలు చాలానే ఉన్నాయి. చేతిలో డబ్బు ఆడటంతో ప్రతివాళ్లూ కారు కొన్నారు. పట్టాల నిర్వహణ భారమైంది. దానికి తోడు బస్సులూ టైర్లూ పెట్రోలూ అమ్ముకునే పెద్ద కంపెనీలు నేషనల్ సిటీ లైన్స్ అనే సంస్థకు పెట్టుబడి పెట్టాయి. ఆ సంస్థ పలు ఊళ్లలో ట్రామ్ కంపెనీలను కొంటూపోయింది. ఆ కంపెనీలకు బస్సులూ సామానూ తామే అమ్ముకునేలా గుత్తాధిపత్యానికి కుట్ర పన్నారంటూ 1949లో షికాగో కోర్టులో జనరల్ మోటార్స్ సహా ఆ కంపెనీలు దోషులుగా తేలాయి. జనరల్ మోటార్స్‌కు పడిన జరిమానా ఎంతో తెలుసా? 5 వేల డాలర్లు!

మినియాపొలిస్, సెయింట్‌పాల్ జంటనగరాల కథ మరీ విడ్డూరం. అక్కడ 1954లో ట్రాములు ఆగిపోయాయి. ఆ సమయంలో తీసిన ఫొటో ఒకటి ఇప్పటికీ కనిపిస్తుంటుంది. వెనక పాత ట్రామ్ భగభగ మండుతుంటే, ముందు నిలబడ్డ కంపెనీ పెద్ద ఫ్రెడ్ ఒసానా చేతికి చెక్కు అందుతుంటుంది. ట్రాముల నుంచి బస్సులకు మారే ఆ వ్యవహారంలోనే మోసానికి పాల్పడ్డాడని 1960లో ఆయనకు శిక్ష పడింది. ముసలి చెక్క ట్రాములైతే బూడిదయ్యాయి. పీసీసీలు మాత్రం అప్పటికి పదేళ్లు కూడా నిండనివి. మొత్తం 141. వాటిని తగలబెట్టడానికి ఎవరికి చేతులొస్తాయి? మెక్సికో సిటీకి 91, నెవార్క్‌కు 30, క్లీవ్‌లాండ్ శివారులోని షేకర్ హైట్స్‌కు 20 అమ్మేశారు.

అలా ఒకళ్లు అమ్ముతుంటే ఇంకొకళ్లు కొన్నారు. కెనడాలోని టొరంటో అయితే 1950ల్లో సిన్సినాటి, క్లీవ్‌లాండ్, బర్మింగ్‌హామ్, కన్సాస్ సిటీల నుంచి మొత్తం 205 పాత పీసీసీలు కొంది. వాటిలో ఒక ముచ్చటైన జాతకం ఉన్న బండ్లూ ఉన్నాయి. లూయీవిల్ అనే ఊరు 25 పీసీసీలకు ఆర్డరిచ్చింది. తీరా కొన్ని చేరాక, బస్సులకు మారిపోదామని మనసు మార్చుకుని, ఒక్క ప్రయాణికుణ్ని కూడా ఎక్కించకుండానే వాటిని క్లీవ్‌లాండ్‌కు అమ్మేసింది. క్లీవ్‌లాండ్ కొన్నాళ్లు నడిపి టొరంటోకు అమ్మేసింది. పెళ్లిచూపుల్లోనే పెళ్లి చెడిన సంబంధమన్నమాట!

అయిదు లైన్లను నిలబెట్టింది

ఇక శాన్‌ఫ్రాన్సిస్కో. 1912 డిసెంబరు 28న ఇక్కడ మ్యూని మొదలైంది. అమెరికాలో ఒక పెద్ద నగరం సొంతంగా నడుపుకున్న మొట్టమొదటి రవాణా సంస్థ ఇదే. ప్రైవేటు ట్రామ్ కంపెనీతో పోటీ ఎంతలా ఉండేదంటే, మార్కెట్ స్ట్రీట్ మీద పక్కపక్కనే నాలుగు వరసల పట్టాలుండేవి. లోపలి రెండు కంపెనీవి, బయటి రెండు ఊరివి. నాలుగింటి మీదా ఒకేసారి ట్రాములొస్తే ఆ మోతకు మాటలు వినపడేవి కావట. 1944లో ఆ ప్రైవేటు కంపెనీని నగరమే కొనేసింది.

తర్వాత ఈ ఊరూ మిగతా ఊళ్ల దారే పట్టింది. లైను తర్వాత లైను బస్సులపాలైంది. 1956 డిసెంబరులో గేరీ స్ట్రీట్ లైను కూడా పోయాక మిగిలినవి అయిదే అయిదు... జె, కె, ఎల్, ఎమ్, ఎన్. ఇవి మిగలడానికి ప్రేమకన్నా అవసరమే ఎక్కువ. ఊరి మధ్య కొండలున్నాయి. వాటిని తొలిచి వేసిన ట్విన్ పీక్స్ సొరంగం (1918), సన్‌సెట్ సొరంగం (1928) ట్రాముల కోసం కట్టినవి. ఆ దారుల్లో బస్సులను నడపడం కుదిరేపని కాదు.

లైన్లు మిగిలాయి సరే, బండ్లేవి? ఉన్నవి పాతకాలపు బరువైన ఇనప ట్రాములు. వాటికి డ్రైవరు ఒకరు, కండక్టరు ఒకరు కావాలి. కొత్తవి కొందామంటే అమెరికాలో పీసీసీ తయారీయే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడు సెయింట్ లూయిస్ నగరం తన బండ్లను వదిలించుకుంటోంది. 1946లో తయారైనవి, మంచి వయసులో ఉన్నవి, ఒక్క మనిషితో నడిచేవి. 1957లో అవి శాన్‌ఫ్రాన్సిస్కో రావడం మొదలైంది. ముందు లీజు పద్ధతిలో 66, ఆ తర్వాత మరో నాలుగు... మొత్తం 70. వాటితో ఇనప ట్రాములకు సెలవిచ్చారు. అవీ చాలక 1974లో టొరంటో నుంచి 11 తెచ్చారు. అవి టొరంటోలో పుట్టినవి కావు. కన్సాస్ సిటీ కోసం తయారై, అక్కణ్నుంచి టొరంటో చేరి, చివరికి ఇక్కడ తేలాయి.

ఆనాడు ఎవరూ దీన్ని వారసత్వ పరిరక్షణ అనుకోలేదు. గడవక చేసిన పని. కానీ ఆ పాత బండ్లే పాతికేళ్లపాటు ఆ అయిదు లైన్లను లాక్కొచ్చాయి. పట్టాలంటూ ఉన్నాయి కాబట్టే తర్వాత మెట్రో వచ్చింది. మన మద్రాసులో అలాంటి అవకాశం రాలేదు. 1953లో ట్రాములు ఆగిపోయాయి, పట్టాలూ పోయాయి. మౌంట్‌రోడ్డులో ట్రామెక్కిన సంగతి అప్పటి తెలుగువాళ్ల జ్ఞాపకాల్లో మాత్రమే మిగిలింది.

హెలికాప్టర్ల కంపెనీ ట్రాములు

మార్కెట్ స్ట్రీట్ కింద సొరంగం తవ్వి ట్రాములను అందులోకి దించాలని నగరం నిర్ణయించాక, పాతవాటిని తీసేసి సరికొత్తవి కొన్నారు. తయారుచేసింది బోయింగ్ కంపెనీలో హెలికాప్టర్లు చేసే విభాగం. వియత్నాం యుద్ధం చల్లబడి ఆర్డర్లు తగ్గడంతో ఆ విభాగం పట్టాల బండ్ల మీద పడింది. చూపుకు బ్రహ్మాండం, లోపల అంతా గందరగోళం. ముఖ్యంగా తలుపులు! మడతలు పడి తెరుచుకునే ఆ తలుపులు ఊరికే మొరాయించేవి. విడిభాగాలు తేలిగ్గా దొరికేవి కావు. ఇవే బండ్లు కొన్న బోస్టన్ నగరం విసిగిపోయి ఆఖరి 40 బండ్లను తీసుకోనని చెప్పేసింది. బోస్టన్ వద్దన్నవాటిలో కొన్నిటిని కూడా శాన్‌ఫ్రాన్సిస్కో కొంది! కొండనాలుకకు మందేస్తే ఉన్ననాలుక ఊడినట్లయింది.

సొరంగంలో సర్వీసు 1980లో మొదలైంది. 2000 దాటిన ఒకట్రెండేళ్లకే ఆ బోయింగ్ బండ్లన్నిటినీ పక్కన పెట్టేశారు. సెయింట్ లూయిస్ వాడి పంపిన బండ్లేమో తయారైన నాటి నుంచి 36 ఏళ్లు తిరిగి 1982లో విశ్రాంతి తీసుకున్నాయి. కొత్తదా పాతదా అన్నది కాదు, బాగుచేసుకోవడానికి వీలున్నదా కాదా అన్నదే ముఖ్యమని ఊరికి తెలిసొచ్చింది.

పండగ చేసిన మేలు

1982లోనే ఇంకో సంగతి జరిగింది. కేబుల్‌కార్ల వ్యవస్థ మొత్తాన్నీ విప్పి బాగుచేయడానికి 20 నెలలకు పైగా మూసేశారు. నిజానికి ఈ కేబుల్‌కార్లను కూడా 1947లో ఒక మేయరు తీసేయాలని చూస్తే, ఫ్రీడెల్ క్లస్‌మన్ అనే మహిళ ఊరందరినీ కూడగట్టి ఓటింగులో నెగ్గి కాపాడింది. అలాంటి కేబుల్‌కార్లు లేకపోతే టూరిస్టులు రారేమోనని వ్యాపారులకు బెంగ పట్టుకుంది. సొరంగం వచ్చాక మార్కెట్ స్ట్రీట్ పైన పట్టాలు ఖాళీగా పడున్నాయి. వాటిమీద పాత ట్రాములు నడిపితే? చాంబర్ ఆఫ్ కామర్స్ ఆలోచనకు అప్పటి మేయరు డయాన్ ఫైన్‌స్టయిన్ సరేనన్నారు. 1983 వేసవిలో 'ట్రాలీ ఫెస్టివల్' మొదలైంది.

షెడ్డుల్లో మూలపడ్డవాటికి బూజు దులిపారు. ఇతర దేశాల నుంచీ రప్పించారు. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్ నుంచి పడవ ఆకారంలో, పైకప్పే లేని 1934 నాటి ట్రామ్ వచ్చింది. మిలాన్ నుంచి ఒకటి, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుంచి మరొకటి. ఒక్క వేసవి ముచ్చటే అనుకున్నది కాస్తా 1987 దాకా ప్రతి వేసవిలోనూ సాగింది. జనం ఊరుకోలేదు. పండగ రోజులకే ఎందుకు, రోజూ నడపమన్నారు. సరేనని నగరం కొత్తగా పట్టాలు వేసింది. బండ్ల కోసం మళ్లీ పాతవాటి వేటే! ఫిలడెల్ఫియాలో 1947, 48ల్లో తయారైన పీసీసీలు అమ్మకానికి ఉన్నాయి. 14 కొన్నారు. సొంతవి మూడు కలిపి అన్నిటినీ న్యూయార్క్ రాష్ట్రంలోని హార్నెల్‌కు పంపి, పునాది నుంచీ బాగుచేయించారు. 1995 సెప్టెంబరు 1న ఎఫ్ లైను మొదలైంది.

ఇక్కడే ఆ ఊరి పెద్దమనసు కనిపించింది. కొనుక్కొచ్చిన బండ్లన్నిటికీ తమ రంగే వేసుకోవచ్చు. వేయలేదు. ఒకప్పుడు పీసీసీలు తిరిగి, ఆ తర్వాత చాలావరకు వాటిని మరిచిపోయిన ఊళ్ల రంగులు తలా ఒకటి వేశారు. ఒకటి బోస్టన్ నారింజ, ఒకటి సిన్సినాటి పసుపు, ఒకటి లాస్ ఏంజెలెస్ వైపు తిరిగిన ఎర్ర ట్రామ్ రంగు, మరొకటి బాల్టిమోర్‌ది, ఇంకొకటి షికాగోది. ప్రయాణికుల్లేకుండానే చేతులు మారిన లూయీవిల్ బండ్లకు కూడా కొన్నేళ్లపాటు ఈ వరసలో చోటు దొరికింది. ఆ ఊళ్లో ఏనాడూ తిరగని రంగుల ట్రామ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో జనాన్ని మోసింది!

మూడో ఇల్లు

మొదలుపెట్టిన కొద్దికాలానికే జనం కిటకిటలాడటంతో ఉన్న బండ్లు చాలలేదు. 1998లో మిలాన్ నుంచి మరో పది కొన్నారు. 1928 నాటివి. క్లీవ్‌లాండ్‌లో ట్రాముల వ్యవహారాలు చూసిన పీటర్ విట్ అనే అధికారి రూపొందించిన నమూనా ఇది. ముందు తలుపులోంచి ఎక్కి, బండి మధ్యలో కూర్చున్న కండక్టరుకు డబ్బులిచ్చి, మధ్య తలుపులోంచి దిగిపోవడం ఆ నమూనా ప్రత్యేకత. అమెరికావాడి ఆలోచన ఇటలీకి వెళ్లి, అక్కడ బండిగా మారి, 70 ఏళ్లు తిరిగి, మళ్లీ అమెరికా చేరిందన్నమాట. లోపల పొడవాటి చెక్కబల్లలు, గాజు దీపాలు, ఇటాలియన్‌లో రాసిన సూచనలు... ఏవీ మార్చలేదు. మిలాన్‌లో ఇప్పటికీ వీటి తోబుట్టువులు తిరుగుతూనే ఉన్నాయి.

2001లో నెవార్క్ తన పీసీసీలను ఆపేసింది. గుర్తుందిగా, మినియాపొలిస్ నుంచి కొన్న ఆ 30! వాటిలో 11 బండ్లను శాన్‌ఫ్రాన్సిస్కో 2004లో కొంది. ఒకచోట తగలబడాల్సిన కాలంలో తప్పించుకుని, రెండోచోట భూగర్భ మార్గంలో దాదాపు అర్ధశతాబ్దం తిరిగి, మూడోచోట సముద్రపు గాలి పీలుస్తున్న బండ్లివి. వాటిలో 1071 నంబరు బండికి మినియాపొలిస్, సెయింట్‌పాల్ పసుపురంగే వేశారు. పుట్టింటి చీర కట్టుకున్నట్టు! మిగతావాటిలో ఒకటి మెక్సికో సిటీ రంగులో, ఒకటి టొరంటో రంగులో, ఇంకొకటి వాషింగ్టన్ రంగులో, మరొకటి బర్మింగ్‌హామ్ రంగులో తిరుగుతాయి.

ఎక్కి చూస్తే...

ఎఫ్ లైను పొడవు తొమ్మిది పది కిలోమీటర్లుంటుంది. పడమటి చివర క్యాస్ట్రో. 1922 నాటి సినిమాహాలు, ఇంద్రధనుస్సు జెండాలు ఉండే పేట. అక్కణ్నుంచి ట్రామ్ మార్కెట్ స్ట్రీట్ మీద నేరుగా ఈశాన్యానికి సాగుతుంది. ఎడంపక్క సిటీహాలు గోపురం కనిపిస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే పావెల్ స్ట్రీట్ మొదట్లో కేబుల్‌కారును చేతుల్తో తోసి గుండ్రంగా తిప్పే తిరుగుడుబల్ల. ఆపైన 1875లో కట్టిన లోటా ఫౌంటెన్. 1906 ఏప్రిల్ 18 భూకంపంలో బతికి బయటపడినవాళ్లు తమవాళ్ల కోసం వెతుక్కుంటూ కలుసుకున్న చోటు. ఇప్పటికీ ఏటా ఆరోజు తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకు జనం అక్కడ చేరతారు.

పీసీసీలో కూర్చుంటే ప్రయాణం హాయిగా ఉంటుంది. కిటికీల పైన ఇంకో వరస చిన్న కిటికీలుంటాయి. నిలబడ్డవాళ్లు వంగకుండా బయటికి చూడ్డానికి! లోపల ఒక పలక మీద ఆ బండి వేసుకున్న రంగు ఏ ఊరిదో, ఆ ఊళ్లో ట్రాముల కథేమిటో రాసి ఉంటుంది. దీనికీ, మరెన్నో పనులకూ వెనకున్నది మార్కెట్ స్ట్రీట్ రైల్వే అనే స్వచ్ఛంద సంస్థ. ఒకప్పుడు మ్యూనితో పోటీపడిన ప్రైవేటు కంపెనీ పేరునే పెట్టుకుని, మ్యూనికి సాయం చేయడం చిత్రం. 2006లో వీళ్లు ఫెర్రీ బిల్డింగ్ సమీపంలో చిన్న మ్యూజియం కూడా తెరిచారు.

వీధి చివర 1898 నాటి ఫెర్రీ బిల్డింగ్. అక్కడ బండి ఎడమకు తిరిగి సముద్రం అంచున పరుగందుకుంటుంది. ఒకప్పుడు ఈ ఒడ్డును కప్పేస్తూ రెండంతస్తుల ఫ్లైఓవర్ ఉండేది. 1989 భూకంపంలో అది దెబ్బతింది. మళ్లీ కట్టకుండా 1991లో కూల్చేశారు. ఆ ఖాళీలో తాటిజాతి చెట్లు, నడకదారి, పట్టాలు వచ్చాయి. 2000 మార్చిలో ఎఫ్ లైను ఇటువైపు ఫిషర్‌మెన్స్ వార్ఫ్ దాకా పెరిగింది. ఒక ఊరు కార్ల కోసం కట్టిన దాన్ని పడగొట్టి ట్రాముకు దారి ఇవ్వడం, అందులోనూ ఇంకో ఊరు కార్ల కోసం వదిలేసిన ట్రాముకు! అమెరికాలో ఇది చిన్న విషయమేమీ కాదు.

చౌక బేరమేం కాదు

ఇదంతా చదివి పాతబండి కొంటే డబ్బు మిగులుతుందనుకుంటే పొరపాటే. బండి ధర తక్కువే. దాన్ని రోడ్డెక్కించడానికే లక్షల డాలర్లు. తుప్పుపట్టిన రేకు తీసి కొత్తది వేయాలి. వైర్లన్నీ మార్చాలి. మోటార్లు విప్పి చుట్టించాలి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు ఎక్కేలా చేయడం అమెరికా చట్టం ప్రకారం తప్పనిసరి. అందుకని స్టాపుల్లో ఎత్తైన ర్యాంపులు కట్టారు. అంతాచేసి నడిపితే పాతికేళ్లకు మళ్లీ మొదటికి. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన బండ్లను 2010ల్లో రెండోసారి పూర్తిగా బాగుచేయించాల్సి వచ్చింది. లారీల మీద ఎక్కించి దేశం ఆ చివరికి, పెన్సిల్వేనియాలోని బ్రూక్‌విల్‌కు పంపారు. ఒకప్పుడు తిరిగిన రాష్ట్రానికే వైద్యానికి వెళ్లొచ్చాయి!

విడిభాగాలు బజార్లో దొరకవు. కొన్నిటిని షెడ్డులోనే తయారుచేసుకోవాలి. 1928 నాటి ఇటలీ బ్రేకూ, 1948 నాటి అమెరికా మోటారూ తెలిసిన మెకానిక్కు కావాలి. అతను రిటైరయ్యేలోపు ఇంకో కుర్రాడికి ఆ విద్య నేర్పాలి. డ్రైవరుకూ అంతే. పెడల్ మీద నడిపే పీసీసీ వేరు, చేత్తో మీట తిప్పే మిలాన్ బండి వేరు. రెండూ నేర్చుకోవాలి. ఆరుబయట పెడితే వానకూ ఉప్పుగాలికీ తుప్పు పట్టేస్తాయి కాబట్టి పైన కప్పు ఉండాలి. నిజానికి పాతబండితోపాటు ఊరు కొనేది ఈ బాధ్యతను. దాన్ని మోసే చేతులున్నంతకాలమే ఆ బండి బండి. లేకపోతే తుక్కు.

గొణుగుళ్లూ లేకపోలేదు. వార్ఫ్ వైపు టూరిస్టులతో నిండిపోయి, దారిలో ఎక్కాల్సిన ఊరివాళ్లకు చోటు దొరకదని కొందరంటారు. సముద్రం ఒడ్డునే నడిచే 'ఈ' లైను అని మరొకటి 2015లో మొదలుపెట్టారు. 2020లో అది ఆగిపోయింది. కరోనా దెబ్బకు అదే ఏడాది మార్చిలో ఎఫ్ లైను కూడా నిలిచిపోయింది. డబ్బుల్లేని రోజుల్లో ముందు కోత పడేది ఇలాంటివాటికే కాబట్టి, ఇక తిరిగి రాదేమోనని మార్కెట్ స్ట్రీట్ దుకాణదారులు కంగారుపడ్డారు. 2021 మేలో మళ్లీ పట్టాలెక్కింది.

శాన్‌ఫ్రాన్సిస్కోను చూసిన ఊళ్లు ఊరుకోలేదు. విస్కాన్సిన్‌లోని కెనోషా అనే చిన్న పట్టణం 2000లో టొరంటో వాడిన పీసీసీలు తెచ్చుకుని బుల్లి ట్రామ్ లైను పెట్టుకుంది. టెక్సస్‌లోని ఎల్‌పాసో ఒకప్పుడు శాన్‌డియాగో నుంచి సెకండ్‌హ్యాండ్‌లో కొని, 1970ల్లో ఆపేసి, ఎడారిలో ఎండకు వదిలేసిన తన బండ్లను బయటికి తీసి బాగుచేయించి 2018లో మళ్లీ నడిపింది. అన్నిటికన్నా విశేషం ఫిలడెల్ఫియాది. శాన్‌ఫ్రాన్సిస్కోకు 14 అమ్మిన ఆ ఊరు, మిగిలినవాటిలో 18 బండ్లను తనే బాగుచేయించి 2005లో పదిహేనో నంబరు రూట్లో దించింది. 2020లో ఆగినా, మరమ్మతులు చేయించి 2024 జూన్‌లో తిరిగి తెచ్చింది.

వార్ఫ్‌లో ఆఖరి స్టాపు. దిగాల్సినవాళ్లు దిగిపోతారు. ఎక్కాల్సినవాళ్లు అప్పటికే వరసలో ఉంటారు. వాళ్లలో మినియాపొలిస్ నుంచి వచ్చినవాళ్లెవరైనా ఉండొచ్చు. తమ తాతలు ఎక్కిన బండి ఇదేనని లోపలి పలక చదివితేగానీ వాళ్లకు తెలియదు. అమ్మేసిన ఊరికి అది ఒకప్పటి ఫొటో. కొనుక్కున్న ఊరికి, ఇంకో రెండు నిమిషాల్లో బయల్దేరే బండి.